బండి లైట్లు, చలానాలు, రాత్రి ప్రయాణం: వరంగల్ వాహనదారులు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను హనుమకొండలో కారు, ద్విచక్ర వాహనం నడపడం నేర్పిస్తుంటాను. నేర్చుకోవడానికి వచ్చేవారు, వారిని వెంటబెట్టుకొని వచ్చే తల్లిదండ్రులు, ట్రాక్టర్లతో ఎనుమాముల మార్కెట్టుకు వచ్చే రైతులు అడిగే ప్రశ్నలలో ఎక్కువ భాగం లైట్ల గురించి, చలానాల గురించి, రాత్రిపూట బండి నడపాలంటే కలిగే భయం గురించి ఉంటాయి. వాటికి నేను చెప్పే జవాబులను ఇక్కడ రాసి పెడుతున్నాను. చట్టానికి సంబంధించిన మాటలు 1988 నాటి మోటారు వాహనాల చట్టం, దానికి 2019లో చేసిన సవరణ, 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 2017 నాటి డ్రైవింగ్ నిబంధనల నుంచి తీసుకున్నవి. మిగిలినవి రోడ్డు మీద నేర్చుకున్నవి.

హెడ్‌లైటు వేయడం ఏ సమయంలో తప్పనిసరి?

కేంద్ర నియమాలలోని 105వ నియమం ప్రకారం సూర్యుడు అస్తమించిన అరగంట తరువాత నుంచి సూర్యోదయానికి అరగంట ముందు వరకు రోడ్డు మీద నడిచే ప్రతి మోటారు వాహనానికీ లైట్లు వెలుగుతూ ఉండాలి. వెలుతురు చాలని ఏ సమయంలోనైనా, అంటే ముసురు పట్టిన మధ్యాహ్నమైనా, పొగమంచు కమ్మిన ఉదయమైనా, ఇదే వర్తిస్తుంది. ముందున్న మనుషులు, బండ్లు 155 మీటర్ల వరకు స్పష్టంగా కనిపించేంత వెలుగు ఉండాలని, వెనుక నంబరు ప్లేటు 15 మీటర్ల దూరం నుంచి చదవగలిగేలా దానిపై తెల్లని లైటు పడాలని కూడా ఆ నియమం చెబుతుంది. వీధి దీపాలు వెలుగుతున్నాయి కాబట్టి హంటర్ రోడ్డు మీదో, నయీంనగర్‌లోనో లైటు వేయనక్కర లేదని కొందరు అనుకుంటారు. అలాంటి మినహాయింపు ఏదీ లేదు.

చట్టం ఇచ్చిన ఆ అరగంట వెసులుబాటును కూడా వాడుకోవద్దని నేను చెబుతాను. మునిమాపు వేళ పశువులు ఇళ్ళకు మళ్లుతుంటాయి, కూలీలు ఆటోలలో తిరిగి వస్తుంటారు, ఆకాశంలో ఇంకా వెలుగు ఉంటుంది కాని రోడ్డు మీద ఉండదు. ఆ వేళ లైటు వేసినా మనకు దారి కనిపించడంలో పెద్ద తేడా తెలియదు. కాని ఎదురుగా వచ్చేవారికి మనం కనిపిస్తాం, లైటు చేసే పనిలో సగం అదే.

నా కొత్త బైకు లైటు పగలు కూడా ఆరడం లేదు. ఏమైనా లోపమా?

లోపం కాదు. 2017 ఏప్రిల్ 1 నుంచి తయారైన ద్విచక్ర వాహనాలన్నిటికీ ఇంజిను నడుస్తున్నంత సేపు హెడ్‌లైటు దానంతట అదే వెలిగే ఏర్పాటు ఉండాలి. ఎదురుగా వచ్చేవారు ఇప్పటికీ చేతి వేళ్ళు మూసి తెరుస్తూ “లైటు వెలుగుతోంది” అని సైగ చేస్తుంటారు, మంచి మనసుతోనే చేస్తారు. దానికి తల ఊపి సాగిపోండి. మెకానిక్ షెడ్డులో ప్రత్యేకంగా స్విచ్చు పెట్టించి ఆ లైటును ఆర్పుకోవడం మాత్రం తప్పు. పెద్ద బండి అద్దంలో మన చిన్న బండి కనిపించడానికి ఉన్న ఒక్క ఆధారాన్ని మన చేతులతో మనమే తీసేసినట్టవుతుంది.

హై బీమ్ ఎక్కడ వాడాలి, డిప్పర్ ఎక్కడ వాడాలి?

ఊరిలో, వీధి దీపాలున్న చోట, ఎదురుగా బండి వస్తున్నప్పుడు, మరొక బండి వెనుక దగ్గరగా వెళుతున్నప్పుడు డిప్పర్ మీదనే, అంటే కిందికి దించిన వెలుగు మీదనే ఉండాలి. ఎదురుగా గాని, ముందు గాని ఎవరూ లేని చీకటి రోడ్డు మీద, ఉదాహరణకు ములుగు దాటి తాడ్వాయి అడవిలోకి వెళ్ళే 163వ జాతీయ రహదారి మీద, హై బీమ్ వాడటం తప్పు కాదు, అవసరం కూడా. అడవిలో అకస్మాత్తుగా రోడ్డుకు అడ్డం వచ్చే జంతువు డిప్పర్ వెలుగులో చాలా ఆలస్యంగా కనిపిస్తుంది. అంటే హై బీమ్ చెడ్డదని, డిప్పర్ మంచిదని కాదు. ఎడమ చేతి బొటనవేలు, లేదా కారులో స్టీరింగుకు ఎడమ పక్కనో కుడి పక్కనో ఉండే లైట్ల పుల్ల, రాత్రి ప్రయాణంలో ఖాళీగా ఉండకూడదన్నదే విషయం.

మరొక బండి వెనుక వెళ్ళేటప్పుడు డిప్పర్ సంగతి చాలామంది మరచిపోతారు. మన హై బీమ్ ముందు కారు లోపలి అద్దంలో, పక్క అద్దాలలో పడి ఆ డ్రైవరు కళ్ళలోకి తిరిగి వస్తుంది. అతనికి తన ముందున్న దారే సరిగ్గా కనిపించదు.

డిప్పర్ వెలుగు ఎంత కిందికి దిగి ఉండాలో 106వ నియమం కొలతలతో సహా చెబుతుంది. లైటుకు 8 మీటర్ల దూరంలో, అర మీటరు కుడి పక్కగా, నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తులో ఉన్న కంటికి మిరుమిట్లు కలగకూడదు. ఎదురుగా వచ్చే కారు డ్రైవరు కన్ను, లేదా రోడ్డు పక్కన నడుస్తున్న మనిషి కన్ను, దాదాపు ఆ ఎత్తులోనే ఉంటుందని గమనిస్తే ఆ కొలతలోని అర్థం తెలుస్తుంది.

ఎదుటి బండి హై బీమ్ దించడం లేదు. నేనూ హై బీమ్ వేయాలా?

వేయవద్దు. ఒకసారి లైటు కొట్టి గుర్తు చేయండి, అంతకు మించి పోటీకి దిగకండి. మీరూ హై బీమ్ వేస్తే, చూపు పోయిన ఇద్దరు డ్రైవర్లు ఒకరికొకరు ఎదురుగా వస్తున్నారన్న మాట. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి ఒక్క సెకనుకు దాదాపు 17 మీటర్లు ముందుకు పోతుంది. మిరుమిట్లు గొలిపిన కన్ను మళ్ళీ చీకటికి అలవాటు పడటానికి కొన్ని సెకన్లు పడుతుంది, వయసు పెరిగే కొద్దీ ఇంకా ఎక్కువ పడుతుంది. ఆ సెకన్లలో ఎన్ని మీటర్లు గుడ్డిగా వెళ్తామో లెక్క వేసుకోండి.

చేయవలసింది ఇది: కాలు యాక్సిలరేటర్ మీద నుంచి తీయండి, చూపును ఎదుటి లైట్ల నుంచి తప్పించి రోడ్డు ఎడమ అంచున ఉన్న తెల్ల గీత మీదికి తెచ్చుకోండి, గీత లేకపోతే తారు, మట్టి కలిసే అంచును పట్టుకోండి. బండి దాటిపోయిన తరువాత కూడా వెంటనే వేగం పెంచకండి. దాని వెలుగు చాటున నడిచి వస్తున్న మనిషి, లైటు లేని సైకిలు అప్పుడే బయటపడతాయి.

ఎక్కువ వెలుగు కోసం ఎల్‌ఈడీ బల్బులు, ఫోకస్ లైట్లు పెట్టించుకోవచ్చా?

నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టే ప్రశ్న ఇదే, ఎందుకంటే అడిగేవారు చాలామంది అప్పటికే పెట్టించుకొని ఉంటారు. తయారీదారు ఇచ్చిన నమూనాకు విరుద్ధంగా బండిని మార్చడాన్ని చట్టంలోని 52వ సెక్షన్ నిషేధిస్తుంది. అలా మార్చిన యజమానికి 182ఏ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

శిక్ష సంగతి పక్కన పెట్టి, అసలు అది ఎందుకు పనికిరాదో చెబుతాను. మామూలు హాలోజన్ హెడ్‌లైటులో బల్బు వెనుక ఉండే అద్దపు గిన్నె, బల్బులోని సన్నని తీగ ఎక్కడ వెలుగుతుందో లెక్క చూసి చేసింది. ఆ తీగ స్థానంలో వేరే ఆకారపు ఎల్‌ఈడీ పెడితే వెలుగు గిన్నెలో అడ్డదిడ్డంగా తగిలి పైకి, పక్కలకు చెదిరిపోతుంది. దగ్గర నేల తెల్లగా మెరిసేసరికి ‘లైటు బ్రహ్మాండంగా ఉంది’ అనిపిస్తుంది, దూరం మాత్రం మునుపటి కన్నా తక్కువే కనిపిస్తుంది, ఎదుటివాడి కళ్ళు చెదురుతాయి. చాలా కార్లలో వచ్చే 60/55 వాట్ల బల్బుకు బదులు 100/90 వాట్లది వేస్తే వైరింగు వేడెక్కి హోల్డరు కరిగిపోవడం నేను స్వయంగా చూశాను. కంపెనీయే ఎల్‌ఈడీతో తయారుచేసిన లైటు వేరు, అది మొత్తంగా దాని కోసమే రూపొందింది.

ముందు వైపు ఎర్ర లైటు అసలే ఉండకూడదు. వెనుక నుంచి చూసేవారికి ఎరుపు, ముందు నుంచి చూసేవారికి తెలుపు లేదా పసుపు కనిపిస్తేనే చీకటిలో ఆ బండి వస్తోందో పోతోందో తెలుస్తుంది. 2017 మే 1 నుంచి ప్రముఖుల కార్ల మీది ఎర్ర బుగ్గలను కూడా తీసివేశారు. ఇక బైకు కింద మిణుకుమిణుకుమనే రంగుల పట్టీలకు స్థానం ఎక్కడిది?

నా లైటు ఎదుటివారి కళ్ళలో పడుతోందో లేదో ఇంటి దగ్గర తెలుసుకోవడం ఎలా?

చదునైన నేల మీద, గోడకు 8 మీటర్ల దూరంలో, అంటే మామూలు మనిషి పెద్ద అంగలు పది వేసేంత దూరంలో బండిని నిలపండి. టైర్లలో గాలి సరిగ్గా ఉండాలి. హెడ్‌లైటు మధ్య భాగం నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలిచి, గోడ మీద అంతే ఎత్తులో సుద్దముక్కతో గీత గీయండి. డిప్పర్ వేస్తే వెలుగు పై అంచు ఆ గీతకు కొంచెం కిందుగా పడాలి. మనం రోడ్డుకు ఎడమ పక్కన నడుపుతాం కాబట్టి, చాలా కార్లలో ఎడమ వైపు వెలుగు కొద్దిగా పైకి లేచి ఉంటుంది. అది లోపం కాదు, రోడ్డు పక్క నడిచేవారిని చూపడానికి చేసిన ఏర్పాటు.

తరువాత వెనుక ఒక మనిషిని కూర్చోబెట్టి మళ్ళీ చూడండి. బైకు వెనుక భాగం దిగి వెలుగు గీతను దాటి పైకి పోతుంది. నా దగ్గర నేర్చుకునే ఒకాయన భార్యను కూర్చోబెట్టి ఈ పరీక్ష చేసి, వెలుగు జానెడు పైకి లేవడం చూసి ఆశ్చర్యపోయాడు. అంతవరకు రోజూ ఇద్దరూ కాజీపేట నుంచి అలాగే వస్తున్నారు. బైకుకైతే లైటు కింద ఉండే స్క్రూతో సరిచేయించాలి. కారుకైతే స్టీరింగు పక్కన 0 నుంచి 3 వరకు అంకెలున్న చిన్న చక్రం దీని కోసమే ఉంటుంది, వెనుక బరువు పెరిగిన కొద్దీ అంకె పెంచాలి. కారు కొన్నప్పటి నుంచి దాన్ని ఒక్కసారి కూడా తిప్పనివారు చాలామందే ఉన్నారు.

ట్రాక్టరు ట్రాలీలకు వెనుక లైటు అవసరమా? రేడియం స్టిక్కరు చాలదా?

రెండూ అవసరమే. ఉత్తర తెలంగాణ రోడ్ల మీద రాత్రి ప్రమాదాల గురించి మాట్లాడేటప్పుడు నేను ముందుగా ఎత్తేది ఈ విషయమే.

ఒక నవంబరు తెల్లవారుజామున పరకాల వైపు నుంచి వస్తున్నాను. ఎదురుగా వచ్చిన లారీ దాటిపోయిన మరుక్షణం నా ముందు తెల్లగా గోడలాంటిది నిలబడి ఉంది. పత్తి బస్తాలు నింపిన ట్రాలీ అది. వెనుక ఒక్క లైటు లేదు, రేడియం ముక్క లేదు. బ్రేకు తొక్కి ఆగేసరికి నా కారు బంపరుకు, ట్రాలీ తలుపుకు మధ్య ఒక మనిషి నిలబడేంత సందు మిగిలింది. ట్రాక్టరు నడుపుతున్న రైతు దిగి వచ్చి, “వైరు ఎలుకలు కొరికినయి అన్నా, రేపు పెట్టిస్త” అన్నాడు. అతని మీద కోపం రాలేదు, నా చేతులు మాత్రం చాలాసేపు వణికాయి.

వైరు తెగినా, బ్యాటరీ దిగినా పనిచేసేది రేడియం పట్టీ ఒక్కటే, అది పరుల వెలుగుతో మెరుస్తుంది. ముందు తెలుపు, పక్కలకు పసుపు, వెనుక ఎరుపు అంటించాలి. వెనుక భాగంలో ట్రాలీ రెండు చివరలకూ అంటిస్తేనే దాని వెడల్పు తెలుస్తుంది, మధ్యలో ఒక్కటి అంటిస్తే బైకు వెళుతోందని పొరపడతారు. వాటి మీద పట్టా వేలాడకుండా, బురద పేరుకోకుండా చూసుకోవాలి. బయలుదేరే ముందు తడి గుడ్డతో ఒకసారి తుడిస్తే చాలు. ఆ పట్టీల ఖర్చు ఒక పత్తి బస్తా ధరతో పోల్చదగినది కాదు.

దారిలో టైరు పంక్చరైతే వెనుక రాళ్ళు, చెట్టు కొమ్మలు పెట్టడం మన దగ్గర అలవాటు. కొమ్మ కనీసం కనిపిస్తుంది, నల్ల రాయి కనిపించదు. పైగా బండి బాగుపడి వెళ్ళిపోయాక రాళ్ళు అక్కడే ఉండిపోతాయి, అర్ధరాత్రి బైకు వాటికి తగులుతుంది. మెరిసే త్రికోణాన్ని కనీసం 50 మీటర్ల వెనుక పెట్టండి, రాళ్ళు పెట్టక తప్పకపోతే వాటిని తీసివేసిన తరువాతే ట్రాక్టరు ఎక్కండి. కోతల కాలంలో రోడ్డు మీద వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్ళు పేర్చి, రాత్రికి నల్ల పట్టా కప్పి వెళ్ళే రైతులకు కూడా ఇదే మనవి. కల్లాలు చాలక పడే ఇబ్బంది నాకు తెలుసు. కాని ఆ నల్ల పట్టా రాత్రిపూట తారు రోడ్డులో కలిసిపోతుంది.

వానలో, చౌరస్తాలో నేరుగా వెళ్ళడానికి నాలుగు ఇండికేటర్లూ వేయవచ్చా?

నేరుగా వెళ్ళడానికి ఏ సంకేతమూ అక్కరలేదు. నాలుగూ ఒకేసారి వెలిగితే పక్క నుంచి చూసేవారికి ఒక వైపుదే కనిపిస్తుంది, మీరు అటు తిరుగుతున్నారని అనుకుంటారు. వానలో అలా వెళుతూ మలుపు తిరగవలసి వస్తే సంకేతం ఇచ్చే దారే ఉండదు. వానలో హెడ్‌లైటు డిప్పర్ వేసి వేగం తగ్గించండి. నాలుగు ఇండికేటర్లు ఆగిపోయిన బండికి.

పోలీసులు నన్ను ఆపలేదు. అయినా చలానా ఎలా వచ్చింది?

కెమెరాలతో, ఇతర ఎలక్ట్రానిక్ పరికరాలతో పర్యవేక్షించి చర్య తీసుకోవడానికి 2019 సవరణలో చేర్చిన 136ఏ సెక్షన్ వీలు కల్పిస్తుంది. చౌరస్తాలో ట్రాఫిక్ సిబ్బంది తీసిన ఫొటో ఆధారంగా కూడా ఈ-చలానా వస్తుంది. తెలంగాణ ఈ-చలానా వెబ్‌సైటులో బండి నంబరు ఇస్తే తేదీ, స్థలం, ఫొటో కనిపిస్తాయి. ముందుగా ఫొటోను శ్రద్ధగా చూడండి. నంబరు మీదే అయినా బండి మీది కాకపోతే, ఎవరో మీ నంబరు వాడుతున్నారని అర్థం. అప్పుడు ఆర్‌సీ, మీ బండి ఫొటోలు తీసుకొని ట్రాఫిక్ పోలీసులకు వెంటనే ఫిర్యాదు చేయండి, ఎందుకంటే ఆ బండి రేపు పెద్ద నేరంలో దొరికితే వెతుక్కుంటూ మీ ఇంటికే వస్తారు.

ఆర్‌సీలో పాత ఫోను నంబరు ఉంటే సందేశాలు మీకు చేరవు, దాన్ని మార్పించుకోండి. వాట్సాప్‌లో ‘మీకు చలానా పడింది’ అంటూ ఏపీకే ఫైలు, అంటే ఫోనులో యాప్‌ను ఎక్కించే ఫైలు వస్తే తెరవవద్దు. అది మీ బ్యాంకు ఖాతా ఖాళీ చేయడానికి మోసగాళ్ళు పంపేది.

చట్టంలో ఒక జరిమానా ఉంది, చలానాలో మరొకటి వచ్చింది. ఏది సరైనది?

చట్టం శిక్షను నిర్ణయిస్తుంది. కోర్టుకు వెళ్ళకుండా అక్కడికక్కడ పరిష్కరించుకోవడానికి కట్టే రుసుమును మాత్రం 200వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. కాబట్టి రెండు అంకెలూ ఒకటే కానక్కర లేదు. కేంద్ర చట్టంలో హెల్మెట్ లేకపోతే 1,000 రూపాయలు, దానితో పాటు మూడు నెలలు లైసెన్సుకు అనర్హత అని ఉంది. లైసెన్సు లేకుండా నడిపితే 5,000. బీమా లేకపోతే మొదటిసారి 2,000. అంబులెన్సుకు దారి ఇవ్వకపోతే 10,000, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. ఎర్ర లైటు దాటడం, ఫోను చేతిలో పట్టుకొని నడపడం, రాంగ్ రూటులో రావడం వంటివి 184వ సెక్షన్ కింద ప్రమాదకరమైన డ్రైవింగు.

తగ్గింపు ఇస్తారని చలానాలు కట్టకుండా ఆగడం మంచిదేనా?

2022 మార్చిలో ద్విచక్ర వాహనాలకు 75 శాతం, 2023 డిసెంబరులో 80 శాతం తగ్గింపు ఇచ్చిన మాట నిజమే. అయినా దాని కోసం ఆగడం మంచిది కాదన్నది నా అభిప్రాయం. తనిఖీలో బండి ఆపినప్పుడు పేరుకుపోయిన చలానాలన్నీ ఒకేసారి మీద పడతాయి. అంతకన్నా ముఖ్యం, ఒకే తప్పుకు నాలుగు చలానాలు వచ్చి ఉంటే ఆ కాగితాలు మన అలవాటు గురించి మనకు ఏదో చెబుతున్నాయి.

బండి అమ్మేశాను, చలానాలు ఇంకా నా పేరు మీదే వస్తున్నాయి.

పేరు మార్పు జరగలేదు కాబట్టే వస్తున్నాయి. ఏపీ 36 నంబరుతో ఉన్న పాత బండ్ల విషయంలో ఇది మన దగ్గర మరీ ఎక్కువ, మూడు చేతులు మారినా ఆర్‌సీలో మొదటి యజమాని పేరే ఉంటుంది. అమ్మినవారు 14 రోజులలోగా, కొన్నవారు 30 రోజులలోగా రవాణా శాఖకు తెలియజేయాలని 50వ సెక్షన్ చెబుతుంది. 29, 30 నంబరు ఫారాల మీద సంతకాలు పెట్టి ఇచ్చేసి ఊరుకోకండి, పేరు మారిన ఆర్‌సీని కళ్ళతో చూసే వరకు వెంటబడండి.

కాగితాలు ఫోనులో చూపిస్తే సరిపోతుందా?

ప్రభుత్వ యాప్‌లైన డిజిలాకర్‌లో గాని, ఎం-పరివాహన్‌లో గాని ఉన్న లైసెన్సు, ఆర్‌సీ, బీమా చెల్లుతాయి. గ్యాలరీలో దాచుకున్న ఫొటో చెల్లదు.

డ్రంకెన్ డ్రైవ్‌లో పట్టుబడితే చలానా కట్టి బయటపడవచ్చా?

పడలేరు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి మద్యం ఉంటే 185వ సెక్షన్ కింద నేరం. ఇది రుసుము కట్టి పరిష్కరించుకునే నేరాలలో లేదు, కోర్టుకు వెళ్ళవలసిందే. మొదటిసారికి ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. పెళ్ళికి, దావతుకు వెళ్ళేటప్పుడే తిరిగి ఎలా వస్తారో మాట్లాడుకోండి. తాగిన తరువాత తీసుకునే నిర్ణయాన్ని నమ్మడానికి లేదు.

మా అబ్బాయికి పదహారేళ్ళు. ట్యూషన్‌కు స్కూటీ ఇవ్వవచ్చా?

ఇవ్వకండి. పదహారేళ్ళకు లైసెన్సు దొరికేది 50 సీసీ లోపు గేర్లు లేని బండికే, బజారులో కనిపించే స్కూటర్లు దాదాపు అన్నీ అంతకు మించినవి. మైనరు నడుపుతూ నేరం చేస్తే 199ఏ సెక్షన్ కింద తండ్రికో, బండి యజమానికో మూడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషను 12 నెలలు రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్ళు వచ్చే వరకు లైసెన్సు ఇవ్వరు.

పిల్లల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. నాలుగేళ్ళు దాటిన ప్రతి ఒక్కరికీ బైకు మీద హెల్మెట్ తప్పనిసరి. అంతకన్నా చిన్నవారిని ఎక్కించుకుంటే వారికి తగిన హెల్మెట్, మనకు కట్టి ఉంచే పట్టీ ఉండాలి, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదు.

రాత్రిపూట ఎంత వేగం సరైనది?

బోర్డు మీది అంకె గరిష్ఠ పరిమితి మాత్రమే. లైటు చూపించే దూరంలో ఆగగలిగినంతే సరైన వేగం. ఆపద కనిపించి కాలు బ్రేకు మీదికి పోవడానికి సెకనున్నర పడుతుందనుకుంటే, పొడి రోడ్డు మీద మంచి టైర్లతో 40 వేగంలో ఆగడానికి దాదాపు 25 మీటర్లు, 60లో 45 మీటర్లు, 80లో 70 మీటర్లకు దగ్గరగా కావాలి. డిప్పర్ వెలుగులో ముదురు రంగు బట్టలు వేసుకున్న మనిషి కనిపించేది ఇంచుమించు 50 మీటర్ల లోపే. అంటే డిప్పర్ మీద 80 వేగంతో పోయేవాడు, మనిషిని చూసిన తరువాత ఆగలేడు. తడి రోడ్డయితే లెక్క ఇంకా కఠినం.

ముందు బండికి ఎంత దూరం ఉండాలని అడుగుతారు. ఆ బండి ఒక కరెంటు స్తంభాన్ని దాటగానే నెమ్మదిగా ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టండి. మూడు అనకముందే మీరు స్తంభం చేరితే దగ్గరగా ఉన్నట్టు. రాత్రి, వానలో ఐదు వరకు పెంచండి.

భూపాలపల్లి, రామగుండం దారుల్లో బొగ్గు టిప్పర్లను దాటడం ఎలా?

తొందరపడకుండా. టిప్పరుకు అతుక్కుపోతే ముందు ఏముందో కనిపించదు, దాని డ్రైవరుకు మీరూ కనిపించరు. అతని పక్క అద్దం మీకు కనిపించకపోతే అతనికి మీరు లేనట్టే. కాబట్టి వెనక్కి తగ్గి, కొద్దిగా కుడికి జరిగి దూరం వరకు చూడండి. రోడ్డు మధ్యలో గీత తెంపులు తెంపులుగా ఉన్న చోట, ఎదురు దారి ఖాళీగా కనిపించినప్పుడే దాటండి. గీత ఏకధాటిగా ఉంటే, వంతెన, మలుపు, ఎత్తు ఉంటే ఆగండి. రాత్రిపూట దాటే ముందు ఒకసారి లైటు కొట్టి చెప్పండి. కుడి ఇండికేటర్ వేసిన టిప్పరు ‘దాటి పో’ అంటోందో, కుడికి తిరుగుతోందో తేల్చుకోకుండా ముందుకు పోవద్దు. ఆ ఒక్క సంకేతానికి మన రోడ్ల మీద రెండు అర్థాలు ఉండటం చాలా ప్రమాదకరం.

విగ్రహం ఉన్న సర్కిల్ దగ్గర ఎవరు ముందు వెళ్ళాలి?

సర్కిల్‌లోకి అప్పటికే ప్రవేశించి తిరుగుతున్నవారికి, అంటే మన కుడి పక్క నుంచి వచ్చేవారికి దారి ఇవ్వాలి. ‘పెద్ద బండి ముందు’ అనే నియమం ఎక్కడా లేదు.

‘ఎనిమిది’ వేయడం వచ్చింది, లైసెన్సు వచ్చింది. ఇంకా నేర్చుకోవలసింది ఏముంది?

లెర్నింగ్ లైసెన్సు వచ్చిన 30 రోజుల తరువాత పరీక్షకు వెళ్ళవచ్చు, అది ఆరు నెలలు చెల్లుతుంది. ఆ ఆరు నెలలనూ వాడుకోండి. ‘ఎనిమిది’ అంకె ఆకారంలో బండి తిప్పడం చేతికి, క్లచ్‌కు పరీక్ష, చూపుకు కాదు. ఉదయం ఆరింటికి ఖాళీ రోడ్డు మీద నేర్చుకున్నవారు సాయంత్రం ఆరింటికి ఎంజీఎం ఆసుపత్రి ముందు బెదిరిపోతారు. అందుకే నా దగ్గర చివరి వారం పాఠాలన్నీ చీకటి పడ్డాకే ఉంటాయి. ఒక పాఠంలో నేర్చుకునేవారిని పక్క సీటులో కూర్చోబెట్టి, తమకు కనిపించినదల్లా పైకి చెప్పమంటాను: ఎడమన ఆటో ఆగుతోంది, ముందు బైకు అద్దం చూడకుండా జరుగుతోంది, ఆగిన బస్సు ముందు నుంచి ఎవరో రావచ్చు. మొదటి రోజు కాజీపేట నుంచి అదాలత్ వరకు నాలుగైదు మాటలు చెబుతారు. పది రోజులకు నోరు ఆగదు. అప్పుడు స్టీరింగు ఇస్తాను.

రాత్రి రోడ్డు మీద ప్రమాదం చూశాను. ఆగితే కేసులో ఇరుక్కుంటానా?

ఇరుక్కోరు. మంచి మనసుతో సాయం చేసినవారిపై సివిల్, క్రిమినల్ బాధ్యత ఉండదని 134ఏ సెక్షన్ స్పష్టంగా చెబుతుంది. పేరు, చిరునామా చెప్పమని పోలీసులు గాని, ఆసుపత్రి వారు గాని బలవంతం చేయకూడదు. ముందుగా మీ బండిని రోడ్డు దింపి నాలుగు ఇండికేటర్లూ వేయండి, 108కి ఫోను చేసి దగ్గరలోని ఊరి పేరో, కిలోమీటరు రాయి మీది అంకెనో చెప్పండి. మీతో ఎవరైనా ఉంటే, సెల్‌ఫోను టార్చి వెలిగించుకొని బండ్లు వచ్చే వైపు, రోడ్డు అంచున, దూరంగా నిలబడమనండి.